ఇటలీ రాజనీతిజ్ఞుడు కవూరు: ఉపాయమును, ప్రజాసభయు
(పఠనమందిరమున మేము గావించిన యుపన్యాసపు పాఠము)



ఇటలీ దేశపు స్వాతంత్ర్యకథ మన దేశీయులకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కలకత్తా నగరములో సురేంద్రనాథ బెనర్జీ విద్యార్థులను సమకూర్చి మాజినీ చరిత్రమును ఉపన్యసించెను. పంజాబున లాలా లజపతిరాయి మాజినీ, గారిబాల్డీల జీవితములను ఉర్దూభాషలో వ్రాసి ప్రకటించెను. 1907లో సావర్కరు మాజినీ రచనలను మరాఠీలోనికి దెచ్చెను. అట్లు మాజినీ మనకు గురువయ్యెను. గారిబాల్డీ మనకు వీరుడయ్యెను. ఒకని పేరు చెప్పినంతనే త్యాగమును, రెండవవాని పేరు చెప్పినంతనే ఖడ్గమును మనకు జ్ఞప్తికి వచ్చుచుండెడివి.

మూడవవాడొకడు కలడు. ఆతడు గురువు కాడు, వీరుడును కాడు. కురచయైన మనిషి, బొద్దు దేహము, కంటికద్దములు, పెదవులపై చిఱునవ్వు, లెక్కల పుస్తకమునందు ప్రీతి. ఆతడే పీడ్మాంటు మంత్రియైన కవూరు ప్రభువు. ఆతని పేరు వినినపుడు మన హృదయము పొంగదు. పొంగకపోగా, 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్యమను గ్రంథమున మహాత్ముడు ఇటలీ కథను విమర్శించుచు, మాజినీని మహనీయుడని కొనియాడి, గారిబాల్డీని మహాయోధుడని యొప్పుకొని, కవూరు మంత్రి పన్నాగములు మాత్రము ఆ దేశచరిత్రమునకు కళంకము దెచ్చినవని తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు న్యాయమైనదేనా? న్యాయమైనచో ఎంతవఱకు న్యాయము? దేశముకొఱకు చేసిన కపటము కపటము కాకపోవునా? ఈ ప్రశ్న ఇటలీదేశమునకు మాత్రమే చెందినది కాదు. రాజ్యభారము వహించు ప్రతి జాతికిని చెందినది. కావున నేడు మేము ఆ మూడవవాని జీవితమును మీ ముందు పెట్టి, తీర్పును మీకే విడువ దలచితిమి.

మొదట ఆనాటి ఇటలీ స్థితిని కొంచెము చిత్తగింపుడు. 1815లో నెపోలియను పడిపోయిన పిమ్మట వియన్నా నగరమున కూడిన రాజులు ఇటలీని ముక్కలు చేసి పంచుకొనిరి. ఉత్తరమున లంబార్డీ, వెనీసు మండలములు ఆస్ట్రియా చక్రవర్తి క్రిందికి పోయెను. టస్కనీ, మోడినా, పార్మా సంస్థానములలో ఆ చక్రవర్తి బంధువులే కొలువుదీరిరి. నడుమ రోమును చుట్టియున్న దేశము పోపు ఏలుబడిలో నుండెను. దక్షిణమున నేపుల్సు, సిసిలీలు బోర్బను వంశపు రాజునకు దక్కెను. ఆల్ప్సు పర్వతముల క్రింద పీడ్మాంటు మండలము రాజధానితో గూడ, సవాయి, నీసు, జినోవా, సార్డీనియా ద్వీపము కలిసి సార్డీనియా రాజ్యమనబడెను. ఇంచుమించు ఏబదిలక్షల ప్రజగల ఈ చిన్నరాజ్యమున మాత్రమే ఇటలీకి చెందిన రాజవంశముండెను. ఇటలీ యనునది భూగోళశాస్త్రములోని యొక పేరు మాత్రమేయని ఆస్ట్రియా మంత్రి మెటర్నికు ఈసడించుటకు సాహసించెనన్న, నాటి దైన్యము మీకు తెలియకపోదు.

ఆ సార్డీనియా రాజ్యపు ముఖ్యపట్టణమైన టూరినులో 1810వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన కమిల్లో బెన్సో కవూరు జన్మించెను. అప్పటికి టూరిను ఫ్రెంచివారి వశమున నుండెను. నెపోలియను చెల్లెలగు పౌలీనాయు, ఆమె భర్త కమిల్లో బోర్గీసు ప్రభువును శిశువునకు జ్ఞానస్నానపు తల్లిదండ్రులైరి; ఆ ప్రభువు పేరే బాలునకు వచ్చెను. తండ్రి పీడ్మాంటులోని ప్రాచీన వంశీయుడు. తల్లి జినీవా నగరపు ప్రొటెస్టెంటు కుటుంబమునుండి వచ్చిన యామె. ఇంటిలో మాటలాడు భాష ఫ్రెంచి. ఇటలీని ఏకము చేయబోవు మనిషికి ఇటాలియను భాష తడబడకుండ వ్రాయుట జీవితాంతమును కష్టముగనే యుండెను! చరిత్రలో ఇట్టి చిత్రములు పెక్కులు కలవు.

ఆతడు రెండవ కుమారుడు. ఆస్తియు బిరుదును అన్నకే దక్కును గాన, పదవ యేట సైనిక విద్యాలయమున చేర్చిరి. యువరాజు కొలువున పరిచారక బాలుడుగా నియమించిరి. ఆ ఉడుపు సేవకుని ఉడుపని ఆతడు ఏవగించుకొనెను. ఆ కొలువు ఎంతోకాలము నిలువలేదు. పదునారేండ్లకే ఇంజనీరు శాఖలో సైన్యాధికారి అయ్యెను. 1830లో పారిసు నగరమున జనులు రాజును తఱిమివేసిన వార్త విని, జినోవాలో నున్న ఈ యువకుడు బహిరంగముగ సంతోషించెను. ప్రభుత్వమువారు ఆతనిని ఆల్ప్సు కొండలలోని బార్డు కోటకు పంపిరి. 1831లో ఆతడు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను.

ఆ తరువాత పదునేడేండ్లవఱకు కవూరు రాజకీయములలోనికి రాలేదు. ఆ కాలము వ్యర్థమయ్యెనా? కాలేదు. ఈ భాగమును చరిత్రకారులు తొందరగా దాటిపోదురుగాని మేము దాటము. తండ్రి లేరి గ్రామమున నున్న విశాలమైన భూములను ఆతని చేతికి అప్పగించెను. అది పో నదీ మైదానము, నీటిపారుదలగల వరిభూమి. మార్కీసు కుమారుడు తెల్లవారుజామున లేచి, దోమలు ముసురు మళ్లగట్లపై నడచుచు, కూలీల లెక్క, ధాన్యపు వెల, కాలువనీటి కొలత స్వయముగ చూచుకొనెను. సముద్రపక్షుల రెట్టయైన గ్వానో ఎరువును ఓడలపై తెప్పించి పొలములకు వేయించెను. క్రొత్త యంత్రములను పరీక్షించెను. 1842లో వ్యవసాయ సంఘమును స్థాపించుటలో పాల్గొనెను. 1847లో టూరిను బ్యాంకు స్థాపకులలో ఒకడయ్యెను.

ఇచ్చట మన తెలుగుదేశమునకు సంబంధించిన యొక చిన్న సంగతిని చెప్పక తప్పదు. ఆ పీడ్మాంటు, లంబార్డీల కాలువలను చూచి వచ్చుటకై కుంఫిణీవారు తమ ఇంజనీరగు బెయిర్డు స్మిత్తును పంపిరి. 1852లో ఇటలీ నీటిపారుదలను గూర్చి గ్రంథము వ్రాసిన ఆ దొరయే, 1856లో కావేరీ, కృష్ణా, గోదావరుల ఆనకట్టలను గూర్చియు నివేదిక ప్రకటించెను. కవూరు వరిచేలకు నీరందించిన విద్యయు, మన కృష్ణా గోదావరీ డెల్టాలకు నీరందించిన విద్యయు ఒకే మనుజుని చేతి వ్రాతలో ప్రక్కప్రక్కన నిలిచినవి. కవూరు చనిపోయిన పిమ్మట 1866లో పూర్తియైన పెద్దకాలువకు ఆతని పేరే పెట్టిరి. నేటికిని ఆ కాలువ పో నది నీటిని వరిమళ్లకు కొనిపోవుచున్నది.

ఈ వ్యవసాయకాలముననే ఆతడు పారిసు, లండను నగరములకు పోయెను. అచ్చటి వినోదముల కంటె ఎక్కువగా కర్మాగారములను, రైలుదారులను, చెరసాలలను చూచెను. ఇంగ్లీషు పార్లమెంటులో సందర్శకుల స్థానమున గూర్చుండి గంటలకొలది వాదములు వినెను. ఒక రాజ్యమున ప్రతిపక్షమువాడు మంత్రిని ముఖాముఖిగా నిందించి, మరునాడు తలతో బ్రతికియుండుట ఆతనికి ఆశ్చర్యము గొలిపెను. 1846లో ఇటలీ రైలుదారులను గూర్చి ఫ్రెంచిభాషలో వ్యాసము వ్రాసి, ఇనుపదారి ముక్కలైన దేశమును కలుపునని వాదించెను. మాజినీకి దేశైక్యము ఒక ధర్మము. కవూరునకు అది ఇనుము, ధాన్యము, వర్తకము, చట్టము అనువానితో కట్టవలసిన యిల్లు.

1847 డిసెంబరు 15వ తేదీన ఆతడు చెసారె బాల్బో ప్రభృతులతో గూడి ఒక పత్రికను స్థాపించెను. దానికి రిసార్జిమెంటో యని పేరు. పునరుత్థానమని ఆ మాటకర్థము. నేడు ఇటలీ స్వాతంత్ర్యోద్యమమంతయు చరిత్రలో ఈ పత్రికకు పెట్టిన పేరితోనే పిలువబడుచున్నది. వార్తాపత్రికలను నడుపు మావంటివారికి ఇంతకంటె ఊరట వేఱేమి కావలెను? కత్తి కంటె ముందు కలము నడచెను.

మరుసటి సంవత్సరమే యూరపుఖండమంతయు అట్టుడికెను. ఆ జనవరిలో పత్రికాధిపతులు కూడి, ప్రజలకు ఏమి కోరవలెనని చర్చించునపుడు ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నకోరిక చెప్పిరి. కవూరు లేచి రాజ్యాంగమునే కోరుదమనెను. 1848 మార్చి 4వ తేదీన చార్లెసు ఆల్బర్టు రాజు ఆ రాజ్యాంగపు శాసనమును ప్రసాదించెను. అదే నెలలో మిలాను ప్రజలు ఆస్ట్రియా సేనలపై తిరుగబడిరి. రాజు యుద్ధమునకు పోవలసిన ముహూర్తము వచ్చెనని కవూరు తన పత్రికలో ఘోషించెను. యుద్ధమేమో వచ్చెనుగాని విజయము రాలేదు. 1848 మే నెలలో గోయితోకడ కవూరు అన్న కుమారుడగు ఇరువదియేండ్ల అగస్టో తుపాకిదెబ్బకు మరణించెను. కవూరునకు భార్యాపుత్రులు లేరు. ఆ బాలుని నెత్తురుమరకల యుడుపును ఒక అద్దపు పెట్టెలో పెట్టి, చనిపోవువఱకు తన పడకగదిలో ఉంచుకొనెను. ఆ మనిషికి హృదయము లేదనువారు ఆ పెట్టెను జ్ఞప్తి చేసికొనవలెను.

1849 మార్చి 23వ తేదీన నొవారాకడ సార్డీనియా సేనలు ఓడిపోయెను. రాజు కుమారునకు కిరీటమిచ్చి దేశాంతరమేగెను. ఆ కుమారుడే రెండవ విక్టరు ఇమాన్యుయేలు. ఇటలీలో తక్కిన రాజులందఱు తామిచ్చిన రాజ్యాంగములను తిరిగి లాగికొనిరి. ఈ రాజ్యమున మాత్రము అది నిలిచెను. ఓడిన దేశమున నిలిచిన యొక్క చట్టమే తరువాతి విజయమునకు మూలమని కవూరు జీవితమంతయు నిరూపించెను.

1850లో పురోహితులకు వేఱుగా నున్న న్యాయస్థానములను తీసివేయు చట్టమును బలపఱచుచు ఆతడు చేసిన యుపన్యాసము దేశమును ఆకర్షించెను. ఆ సంవత్సరపు అక్టోబరులో వ్యవసాయ వర్తక మంత్రి అయ్యెను. మరు సంవత్సరము కోశాగారమును గూడ చేపట్టెను. 1852 నవంబరు 4వ తేదీన ప్రధానమంత్రి అయ్యెను. దానికి ముందే, తన మితవాద పక్షమును రటాజ్జీ యొక్క వామపక్షపు మితవాదులతో కలిపి, సభలో నిలుకడగల బలమును సంపాదించెను. దీనిని విరోధులు పెండ్లియని వెక్కిరించిరి. ఆ పేరే స్థిరపడిపోయెను. ఆ బలముతో ఆతడు పరదేశములతో వర్తకపు ఒడంబడికలు చేసెను, సుంకములు తగ్గించెను. టూరినునుండి జినోవా రేవువఱకు రైలుదారి పూర్తియయ్యెను. ఆల్ప్సు పర్వతమును తొలిచి ఫ్రాన్సునకు దారి చేయు సొరంగపు పనిని 1857లో ప్రారంభింపజేసెను. అప్పులు పెఱిగెను, పన్నులు పెఱిగెను; జనులు సణిగిరి. ప్రతి పన్నుకును, ప్రతి అప్పునకును ఆతడు సభలో నిలిచి జవాబు చెప్పెను. ఎంత చెడ్డదైన ప్రజాసభయైనను, రాజుగారి కొలువుకూటపు చావడి కంటె మేలని ఆతని మాటగా ప్రసిద్ధము.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సులు క్రిమియాలో రష్యాతో యుద్ధము ప్రారంభించెను. ఆ కలహముతో ఇటలీకి సంబంధమేమి? ఏమియు లేదు. అయినను 1855 జనవరిలో కవూరు ఆ యుద్ధమున చేరుట కొప్పుకొని పదునైదువేల సైనికులను పంపెను. ప్రతిపక్షమువారు సభలో తీవ్రముగ నెదిరించిరి. మన బిడ్డలను పరాయివారి కయ్యమునకు బలియిత్తువా యని యడిగిరి. కవూరు దాచక ఉత్తరమిచ్చెను: ఇటలీవారు కుట్రలు పన్నుటయే గాని క్రమముగ పోరాడజాలరని లోకము తలచుచున్నది, ఆ యపకీర్తిని పోగొట్టుకొననిదే మనమాట యెవ్వరు విందురు? అని దాని సారము. 1855 ఆగస్టు 16వ తేదీన చెర్నాయా నదికడ ఆ సేన చక్కగా పోరాడెను. యుద్ధమున చచ్చినవారు కొలది. విషూచికి బలియైనవారు పెక్కుమంది. 1856లో పారిసు నగరమున సంధిసభ జరిగినపుడు, ఆ మృతుల వెలతో కవూరునకు ఒక పీఠము దక్కెను. ఏప్రిల్ 8వ తేదీన ఇంగ్లీషు మంత్రి క్లారెండను ఇటలీ దుస్థితిని ప్రస్తావించెను. గజము భూమి దక్కలేదు. కాని ఇటలీ యనునది భూగోళపు పేరు మాత్రమే కాదని యూరపు వినెను.

ఇంతవఱకు సభాసమక్షమున జరిగిన కథ. ఇక చీకటిలో జరిగిన కథ వినుడు.

1858 జనవరి 14వ తేదీన ఓర్సినీ యను ఇటలీ దేశీయుడు పారిసులో మూడవ నెపోలియను బండిపై బాంబులు వేయించెను. చక్రవర్తి బ్రతికెను, బ్రతికి, ఇటలీ ప్రశ్న తీరనిదే తనకు నిద్రలేదని గ్రహించెను. ఆ జులై నెలలో ప్లాంబియేరు అను స్నానతీర్థమునకు కవూరును రహస్యముగ రప్పించెను. ఒక గదిలోను, పిమ్మట ఒక గుఱ్ఱపుబండిలోను ఇరువురే కూర్చుండి ఖండముయొక్క పటమును మార్చివేసిరి. ఆస్ట్రియాయే మొదట దండెత్తినట్లు కనబడునట్లు యుద్ధము కల్పింపవలెను. ఫ్రాన్సు సాయము రావలెను. ఉత్తర ఇటలీ విక్టరు ఇమాన్యుయేలునకు చెందవలెను. దానికి మూల్యముగ సవాయి మండలము ఫ్రాన్సునకు పోవలెను. నీసు సంగతి తరువాత చూచుకొనవచ్చును. ఆపైన చక్రవర్తి తన పినతండ్రి కుమారునకు విక్టరు ఇమాన్యుయేలు కుమార్తెను ఈయవలెనని కోరెను. ఆమె పేరు క్లోటిల్డు, వయస్సు పదునైదేండ్లు. వరునకు ముప్పదియారు. 1859 జనవరి 30వ తేదీన ఆ వివాహము జరిగెను. దేశముకొఱకని పెద్దలు చెప్పగా ఆ బాలిక ఒప్పుకొనెను. ఈ లావాదేవిని గూర్చి మంత్రులలోనే పెక్కుమందికి తెలియదు. సభకు తెలియనే తెలియదు. కవూరు చిత్తము కూడ ఈ పనులయందు నెమ్మది నొందలేదు. దేశముకొఱకు చేయు పనులను మనకొఱకు చేసికొన్నచో ఎంతటి ధూర్తులమై యుందుమోయని ఆతడు అనినట్లు చెప్పుదురు. మహాత్ముని యభియోగమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమేల? నిందితుడే వాఙ్మూలమిచ్చెను.

పన్నాగము దాదాపు విఫలమయ్యెను. ఇంగ్లండు నడుమ జొచ్చెను, చక్రవర్తి వెనుకాడెను, సేనలను విరమింపజేయుమని 1859 ఏప్రిల్‌లో పారిసునుండి తాఖీదు వచ్చెను. కవూరు గదితలుపులు మూసికొని కాగితములు కాల్చివేయసాగెను. ప్రాణత్యాగము చేసికొనునేమోయని భయపడి ఆప్తమిత్రుడగు కాస్టెల్లి పరుగున వచ్చి, ఆతనిని కౌగిలించుకొని సమాధానపఱచెను. కొలదిదినములకే, ఏప్రిల్ 23వ తేదీన, ఆస్ట్రియాయే తొందరపడి యుద్ధపు హెచ్చరిక పంపెను! శత్రువు తప్పిదమే ఆతనిని కాపాడెను. జూన్ 4న మజెంటాలోను, 24న సోల్ఫెరినోలోను ఆస్ట్రియా ఓడెను. సోల్ఫెరినో రణరంగమున దిక్కులేక పడియున్న క్షతగాత్రులను చూచిన హెన్రీ డ్యునాంటు హృదయమునుండియే రెడ్‌క్రాసు సంఘము పుట్టెను. లంబార్డీ చేతికి వచ్చెను. వెనీసు ఎదుట నుండెను. అంతలో జులై 11వ తేదీన విల్లాఫ్రాంకాకడ నెపోలియను, కవూరును అడుగకయే, ఆస్ట్రియాతో సంధి చేసికొనెను. రహస్యముగ చేసిన బేరము రహస్యముగనే తెగిపోయెను. కవూరు రాజును ముఖముననే పరుషములాడి, రాజీనామా యిచ్చి లేరి పొలములకు మరలిపోయెను.

ఆఱునెలలకే దేశమునకు ఆతని యవసరము మరల గలిగెను. 1860 జనవరిలో తిరిగి ప్రధాని అయ్యెను. మార్చి నెలలో టస్కనీ, ఎమీలియా ప్రజలు ఓట్లువేసి విక్టరు ఇమాన్యుయేలు రాజ్యమున చేరిరి. ఫ్రాన్సు దీనికి సమ్మతించుటకు వెల యడిగెను: సవాయియు నీసును. రాజ్యపు పొలిమేరలను మార్చు సంధి ఏదియు సభల యనుమతి లేక చెల్లరాదని రాజ్యాంగమున నున్నది. అయినను క్రొత్తసభ కొలువుదీరకమునుపే, మార్చి 24వ తేదీన కవూరు సంధిపత్రముపై సంతకము చేసెను. ఆ పిమ్మటనే ప్రజల ఓట్లును, సభ యనుమతియు వచ్చెను. నీసు గారిబాల్డీ పుట్టినయూరు. తన దేశముననే తన్ను పరదేశిని చేసితివని ఆ వీరుడు కవూరును ఎన్నడును క్షమింపలేదు.

1860 మే నెలలో ఆ గారిబాల్డీయే సుమారు వేయిమందితో జినోవాసమీపమున ఓడలెక్కి సిసిలీపై దండెత్తెను. కవూరు వారిని ఆపలేదు, బాహాటముగ తోడ్పడనులేదు. ఓడినచో నాకు తెలియదనవచ్చును, గెలిచినచో మనవాడే యనవచ్చును. గారిబాల్డీ గెలిచెను. మార్సాలాలో దిగినది మే 11వ తేదీన. నేపుల్సు నగరమున ప్రవేశించినది సెప్టెంబరు 7వ తేదీన! నాలుగు మాసములలో ఒక రాజ్యము కూలెను. ఇక నీ వీరుడు రోముపైకి నడచినచో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చును, ఇటలీ మరల ముక్కలగును. కవూరు తన సేనలను పోపు రాజ్యముగుండ దక్షిణమునకు నడిపించి దారి కట్టెను. అక్టోబరు 26వ తేదీన తెయానోకడ గారిబాల్డీ తాను గెలిచిన రాజ్యమును రాజు చేతిలో పెట్టెను. కొలదిదినములకు తన చిన్నద్వీపమగు కప్రేరాకు మరలిపోయెను. ఆ త్యాగమునకు సాటిలేదు.

ఇచ్చట మీరు మిక్కిలి గమనింపవలసిన విషయమొకటి కలదు. దక్షిణమున అరాచకము వ్యాపించుచుండగా, పార్లమెంటును ప్రక్కనబెట్టి సర్వాధికారములు చేపట్టుమని కవూరునకు పెక్కుమంది హితవు చెప్పిరి. ఆతడు ఒప్పుకొనలేదు. తాను స్వాతంత్ర్యదేవికి బిడ్డననియు, ఆమె ప్రతిమపై ముసుగు వేయు పని తనది కాదనియు ఒక స్నేహితురాలికి లేఖ వ్రాసెను. ఆ అక్టోబరులోనే సభను పిలిపించి, దక్షిణరాజ్యములను కలుపుకొనుటకు అనుమతి యడిగి, చర్చ జరిపించి, ఓట్లు పొందెను. అధికారము ఒడిలోనికి వచ్చి వ్రాలినపుడు దానిని త్రోసిపుచ్చి సభాద్వారమున నిలుచుట చిన్న గుణము కాదు.

1861 మార్చి 17వ తేదీన ఇటలీ రాజ్యము ప్రకటింపబడెను. వెనీసు, రోములు ఇంకను వెలుపలనే యుండెను. రోముననే రాజధాని యుండవలెననియు, స్వేచ్ఛగల రాజ్యమున స్వేచ్ఛగల మతసంఘముండవలెననియు కవూరు ఆ నెలలో సభయందు వాదించెను. ఏప్రిల్ 18వ తేదీన గారిబాల్డీ ఎఱ్ఱచొక్కాతో సభకు వచ్చెను. తన స్వచ్ఛందసైనికులను చిన్నచూపు చూచుచున్నారని కోపించి, అన్నదమ్ముల యుద్ధమును తెచ్చిపెట్ట జూచితివని ప్రధానిని ముఖాముఖి నిందించెను. సభ కల్లోలమయ్యెను. కవూరు ముఖము వివర్ణమయ్యెను. అయినను కోపము దిగమ్రింగి సమాధానమిచ్చెను. నీసును ఫ్రాన్సునకిచ్చినపుడు తమ ఇరువురి నడుమ అగాధమేర్పడెననియు, తాను బాధతో చేసిన ధర్మమేయనియు చెప్పెను. రాజు తరువాత ఇరువురను పిలిపించి చేతులు కలిపించెను. లండను సభలో తాను యువకుడై చూచి ఆశ్చర్యపడిన దృశ్యమే ఇది: ప్రతిపక్షమువాడు మంత్రిని నిందించెను, తలతో ఇంటికి పోయెను.

మే నెల చివర కవూరునకు విడిచి విడిచి వచ్చు జ్వరము పట్టుకొనెను. అది వరిపొలముల మలేరియా యని పెక్కుమంది తలంతురు. వైద్యులు మాటిమాటికి నెత్తురు తీసి ఆతనిని నీరసింపజేసిరి. పోపు బహిష్కరించిన ఆ మనుజునకు సన్న్యాసియగు జియకోమో అంత్యసంస్కారము చేసెను. అందుకై ఆ సాధువు రోమువారిచే దండింపబడెను. జ్వరపు పలవరింతలోను ఆతడు దక్షిణదేశమునే తలంచెను. సైనికశాసనమువలదు, దానితో ఎవ్వడైనను పాలింపగలడని పలికినట్లు ఆతని అన్నకుమార్తె వ్రాసియున్నది. 1861 జూన్ 6వ తేదీన, ఏబదియొకటవ యేడు నిండకమునుపే, కన్నుమూసెను. వెనీసు 1866లోను, రోము 1870 సెప్టెంబరు 20వ తేదీనను ఇటలీలో చేరెను.

ఇక లెక్క తీయుదము. ఇటలీ ఏకమయ్యెను, నిజమే. కాని ఎవరి ఇటలీ? తొలి పార్లమెంటునకు ఓటుహక్కుగలవారు జనులలో నూటికిద్దరైనను లేరు. జనులలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా అక్షరజ్ఞానము లేనివారు. కవూరు లండను, పారిసులను చక్కగ నెఱుగును. టస్కనీ దాటి దక్షిణమునకు ఒక్కమారైనను పోలేదు. నేపుల్సు, సిసిలీల రైతునకు ఏకైక ఇటలీ యనగా క్రొత్త పన్ను, క్రొత్త సైనికనిర్బంధము, ఉత్తరపు భాష మాటలాడు క్రొత్త అధికారి. వారికి ఔను, కాదు అను రెండుమాటలలో ఒకటి చెప్పు హక్కు దక్కెనేగాని, ఏ షరతులపై చేరుదురో చెప్పు హక్కు దక్కలేదు. కవూరు వలదన్న సైనికశాసనమే 1863లో పికా చట్టముగ వారి నెత్తిపై బడెను. తుపాకులకు వేలమంది కూలిరి. ఉత్తర దక్షిణముల నడుమ ఆనాడు పడిన పగులు నేటికిని పూడలేదు. మఱి మాజినీ? తాను కలగన్న ఇటలీలో మారుపేరుతో దాగియుండి, 1872లో పీసా నగరమున మరణించెను.

కావున మహాత్ముని తీర్పు మేము త్రోసిపుచ్చము. కవూరు చీకటిలో చేసిన పనులు ఒక్కొక్కటి ఒక్కొక్క గాయమును మిగిల్చినవి. ప్లాంబియేరు బేరము విల్లాఫ్రాంకాలో విఱిగెను. సభకు ముందు చేసిన సంతకము గారిబాల్డీ హృదయమును విఱిచెను. షరతులు చర్చింపక కలుపుకొన్న దక్షిణము అంతర్యుద్ధమున మునిగెను. కాని వెలుగులో చేసిన పనులను గూడ లెక్కింపవలెను. సభ యెదుట వాదించి వేసిన రైలుదారి నిలిచెను. సభ యెదుట వాదించి పంపిన సేన ఇటలీకి గౌరవము దెచ్చెను. ఓటమిలోను విడువని రాజ్యాంగము, 1922 తరువాత ముస్సోలినీ దానిని డొల్లచేసినప్పటికిని, 1948లో ప్రజల క్రొత్త రాజ్యాంగము అమలులోనికి వచ్చువఱకు పేరుకైనను బ్రతికెను. ముస్సోలినీ మార్గము కవూరు మార్గమేయని కొందఱు వాదించిరి. కాదు! ఒకడు సభను మూయుటకు అధికారము కోరెను. వేఱొకడు సర్వాధికారము చేతికందినపుడు సభను తెఱచెను.

సోదరులారా! మాజినీనుండి ధ్యేయమును, గారిబాల్డీనుండి త్యాగమును నేర్చుకొంటిమి. కవూరునుండి నేర్వవలసినది ఉపాయము కాదు. ఉపాయములు నేర్పువారు మనకు కొఱత లేదు. దేశమేలువాడు ప్రతి పన్నుకును, ప్రతి సంధికిని, ప్రతి సైనికుని ప్రాణమునకును ప్రజల యెదుట నిలిచి జవాబు చెప్పవలెనను నియమమును ఆతనినుండి నేర్వవలెను. ఆ నియమమును పాటించినంతవఱకు ఆతడు గొప్పవాడు. తప్పినచోటులనెల్ల ఆతని దేశమే అప్పు తీర్చుకొనవలసివచ్చెను. దేశహితమనుచు ఎవ్వడైనను సంగతి దాచి పనిచేసినపుడు, ఆ అప్పు ఎవరు తీర్తురని అడుగుటయే చదువుకొన్న ప్రజల ధర్మము. ఆ ధర్మమును మఱువకుందురుగాక!